గిన్తీ పూర్తయ్యేదాకా పరుగు అయిపోలేదు

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, మీ కాలనీలో ఏటా జనవరిలో పరుగు పెడతారు కదా. అది ఎలా నడుపుతారో మన వాళ్ళకి చెప్పండి. పూణేలో మన తెలుగు ఫౌజీ కుటుంబాలు ఉన్న కాలనీలు చాలా ఉన్నాయి, వాళ్ళు కూడా పెట్టుకుంటారు" అన్నారు. నేను ఇంటర్మీడియట్ చదివి 1988లో భర్తీ అయినవాణ్ణి. ఉపన్యాసాలు నాకు రావు. ఆర్టిలరీలో సర్వేయర్‌గా ఇరవై ఎనిమిదేళ్ళు చేసి 2016లో ఇంటికి వచ్చాను. కొలవడం, లెక్క పెట్టడం, రాసి పెట్టడం, ఈ మూడే నాకు వచ్చిన విద్యలు. పరుగు నడపడానికి అవి సరిపోయాయి.

ముందు అసలు ఎందుకు పెట్టామో చెప్తాను. మనందరికీ తెలుసు, నా సర్వీసు రోజుల్లో బీపీఈటీ అంటే ఎంత భయమో. రైఫిలు, సామాను మోసుకుని అయిదు కిలోమీటర్లు. ముప్పై లోపు వయసు వాడు ఇరవై అయిదు నిమిషాల్లో వస్తే ఎక్సెలెంట్, ఇరవై ఎనిమిది దాటితే ఫెయిల్. అది కాక పీపీటీలో రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు తొమ్మిది నిమిషాల్లో పరిగెత్తాలి. ఉస్తాద్ వెనకాల అరుస్తుంటే పరిగెత్తాం. ఇంటికొచ్చాక అరిచేవాడు లేడు. పింఛను మొదలైన రెండేళ్ళకి బెల్టుకి రంధ్రాలు చాలలేదు. ఒకప్పుడు గ్రౌండులో కలుసుకున్న వాళ్ళం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ క్యూలో కలుసుకోవడం మొదలుపెట్టాం. ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, ఒకరికి మోకాలు. అక్కడ బెంచీ మీద కూర్చున్నప్పుడే నలుగురం అనుకున్నాం, జనవరిలో కాలనీ వాళ్ళందరికీ ఒక పరుగు పెడదామని. 2017లో మొదటిసారి పెట్టాం. 43 మంది వచ్చారు. అందులో సగం మంది మా ఇళ్ళ వాళ్ళే.

మేం ఉండేది దిఘీ వైపు. ఒక పక్క ఆళంది రోడ్డు, ఒక పక్క గుట్టలు. ఇక్కడి వాళ్ళు గుట్టని టేకడీ అంటారు. నల్లరాయి, దాని మీద ఎర్ర మొరం, వానాకాలం పోయాక ఎండిన గడ్డి. మా పరుగు రెండు రకాలు. అయిదు కిలోమీటర్లది పూర్తిగా తారు రోడ్డు మీదే, రెండున్నర వెళ్ళి వెనక్కి తిరగాలి. పది కిలోమీటర్లది అదే రెండున్నర దగ్గర ఎడమకి తిరిగి, మట్టి బాటలో గుట్ట చుట్టూ అయిదు కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ ఆ మలుపు దగ్గరికే వచ్చి రోడ్డు మీద ఇంటికి. ఆ మలుపుని గుర్తు పెట్టుకోండి, దాని సంగతి తర్వాత వస్తుంది.

తేదీ పెట్టడం అనుకున్నంత తేలిక కాదు. జ్యేష్ఠంలో పెడితే వాన ఒకటి, జ్ఞానేశ్వర్ మహరాజ్ పల్లకి ఒకటి. ఆళంది నుంచి పల్లకి బయల్దేరి మా రోడ్డు మీదుగానే పూణేకి పోతుంది, ఆ రోజు లక్షల మంది నడుస్తుంటే మన రెండొందల మందిని ఎక్కడ పరిగెత్తిస్తాం? మార్చి దాటితే ఎండ. అందుకని జనవరి. ఆర్మీ డే జనవరి 15 కదా, ఆ రోజుకి పెడదామని మా మరాఠీ సోదరుల కోరిక. సరిగ్గా అదే మనకి సంక్రాంతి. మన వాళ్ళు సగం మంది ఊళ్ళకి పోతారు, మిగిలిన వాళ్ళు అరిసెలు తిని పరిగెత్తలేరు. మూడో ఆదివారం ముంబై మారథాన్, గట్టివాళ్ళంతా అటు పోతారు. చివరికి జనవరి ఆఖరి ఆదివారం అని ఖాయం చేశాం. 2020లోనూ 2025లోనూ అది 26వ తేదీ పడింది. ఆ రెండేళ్ళూ పరుగు అయ్యాక అక్కడే జెండా పండగ చేసుకున్నాం. 2025లో ఆర్మీ డే పరేడ్ కూడా ఢిల్లీలో కాకుండా ఇక్కడే, ఖడ్కీలో జరిగింది. అది చూసి వచ్చిన కుర్రాళ్ళు ఆ ఏడు నంబర్ల కోసం ఎగబడ్డారు.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. పోలీసు స్టేషనుకి, ట్రాఫిక్ వాళ్ళకి, కార్పొరేషన్ వార్డు ఆఫీసుకి, గుట్ట మీద భూమి ఎవరిదైతే వాళ్ళకి, అన్ని చోట్లా రెండు నెలల ముందు అర్జీ ఇవ్వాలి. అర్జీ కింద మ్యాపు పెట్టండి. మ్యాపు ఉంటే అడిగే ప్రశ్నలు సగం తగ్గుతాయి. రక్షణ శాఖ స్థలం పక్కనుంచి పోతుంటే, మనం ఫౌజీలమే కదా అని ఊరుకోవద్దు. మనమే ఇంకా పద్ధతిగా అడగాలి.

ఇక కొలత. దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, క్షమించాలి. నా పాత పని ఇదే. చాలా చోట్ల మోటారు సైకిలు మీటరు చూసి "పది కిలోమీటర్లు" అని బ్యానరు కట్టేస్తారు. బండి మీటరు నూటికి నాలుగైదు తేడా చూపించినా ఆశ్చర్యం లేదు. అంటే పది కిలోమీటర్లలో నాలుగైదు వందల మీటర్లు. ఒక ముసలాయన ఏడాది పాటు ఆయాసపడి తన టైము రెండు నిమిషాలు తగ్గించుకున్నాడనుకోండి, దారి తప్పు కొలిస్తే ఆయన కష్టానికి అర్థం ఏముంది?

పెద్ద పోటీల వాళ్ళు సైకిలుతో కొలుస్తారు. చక్రం ఎన్ని తిరుగుళ్ళు తిరిగిందో లెక్కపెట్టే చిన్న పళ్ళచక్రం ముందు ఇరుసుకి బిగిస్తారు. 1971లో అలన్ జోన్స్ అనే అమెరికా ఇంజనీరు తయారు చేశాడు, జోన్స్ కౌంటర్ అంటారు. మేం మా సైకిలుకి అలాంటిదే ఒకటి సంపాదించాం. ముందు తిన్నగా ఉన్న రోడ్డు మీద ఉక్కు టేపుతో 300 మీటర్లు కొలిచి రెండు మేకులు కొడతాం. ఆ ముక్క మీద నాలుగు సార్లు సైకిలు తొక్కి లెక్క రాసుకుంటాం. తర్వాత దారి అంతా కొలుస్తాం. కొలిచి వచ్చాక మళ్ళీ ఆ 300 మీటర్ల మీదే నాలుగు సార్లు. ఎందుకంటే పొద్దున చలికి టైరులో గాలి ఒకలా ఉంటుంది, ఎండ ఎక్కాక ఉబ్బి ఇంకోలా ఉంటుంది. మలుపుల్లో రోడ్డు మధ్యనుంచి పోకూడదు, పరిగెత్తేవాడు లోపలి అంచు పట్టుకుని పోతాడు కాబట్టి మనమూ అంచు నుంచి జానెడున్నర దూరంలో పోవాలి. అన్నీ అయ్యాక వెయ్యికి ఒకటి చొప్పున కలుపుతాం, అంటే పది కిలోమీటర్లకి పది మీటర్లు. ఎక్కువైతే ఎవరికీ నష్టం లేదు, తక్కువైతేనే అబద్ధం అవుతుంది.

మట్టి బాటలో సైకిలు పనికిరాదు, రాళ్ళ మీద చక్రం ఎగురుతుంది. అక్కడ 50 మీటర్ల టేపు. అయిదు కిలోమీటర్లు అంటే వంద సార్లు టేపు పరవాలి. నలుగురం రెండు పూటలు చేశాం. మా ఆవిడ టిఫిన్ డబ్బా పంపిస్తూ, "కార్గిల్ అయిపోయి ఇన్నేళ్ళయింది, ఇంకా గుట్టలు కొలుస్తున్నారా" అంది. ఇంత చేసినా, పరుగు అయిపోగానే ఎవరో ఒక కుర్రాడు చేతి గడియారం చూపించి, "అంకుల్, మీ పది కిలోమీటర్లు నాకు పదీ రెండొందలు వచ్చింది" అంటాడు. బాబూ, నువ్వు మలుపుల్లో బయటి అంచు పట్టుకుని పోయావు, పైన ఉపగ్రహం నిన్ను చెట్ల కింద సరిగ్గా చూడలేదు, నా టేపు మాత్రం నేల మీదే పాకింది అని చెప్తాను. వాడు నమ్మడు. ఫర్వాలేదు.

బయల్దేరే వేళ కూడా లెక్క ప్రకారమే. జనవరి ఆఖరున పూణేలో సూర్యోదయం ఏడు దాటాక. పది కిలోమీటర్ల వాళ్ళని ఆరు నలభై అయిదుకి వదులుతాం. మొదటి రెండున్నర కిలోమీటర్లూ వీధి దీపాల కింద రోడ్డు. మట్టి బాట ఎక్కేసరికి వెలుతురు వచ్చేస్తుంది. అయిదు కిలోమీటర్ల వాళ్ళని ఏడింటికి వదులుతాం. ముందు గుట్ట, తర్వాత రోడ్డు పెట్టుకుంటే చీకట్లో చీలమండలు విరుగుతాయి. బాట మీద సున్నంతో బాణాలు గీస్తాం, కొమ్మలకి రిబ్బన్లు కడతాం. రిబ్బన్లు ఎన్ని కట్టామో రాసుకుని సాయంత్రానికి అన్నీ విప్పి తెస్తాం. ఆవులు, మేకలు తినేది ఆ గడ్డే.

నీళ్ళకి ప్లాస్టిక్ సీసాలు వాడం. కుళాయి ఉన్న డ్రమ్ములు, స్టీలు గ్లాసులు, కడగడానికి ఇద్దరు పిల్లలు. నంబరు గుడ్డకి నాలుగు పిన్నులు, రెండొందల మందికి ఎనిమిది వందల పిన్నులు. ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ పొద్దున్నే ఆరున్నరకి పిన్నులు అయిపోతే ఆ గొడవ మీరు చూడాలి. టిఫినుకి ఉప్మానా, పోహానా అని మాకూ మరాఠీ వాళ్ళకీ ఏటా ఒక యుద్ధం జరుగుతుంది. ప్రస్తుతం ఒక ఏడు అది, ఒక ఏడు ఇది అని సంధి నడుస్తోంది. టీషర్టులు మాత్రం వద్దని గట్టిగా అన్నాను. ఒక బిల్డరు తన పేరు వేసుకుని ఉచితంగా ఇస్తానన్నాడు. టీషర్టు వచ్చిందంటే సైజుల గొడవ వస్తుంది, తర్వాత బ్యానరు, తర్వాత పెద్ద పాటల పెట్టె, చివరికి పరుగు వాళ్ళది అవుతుంది. మనిషికి 150 రూపాయలు తీసుకుంటాం, పిల్లలకీ వీరనారులకీ లేదు. అంబులెన్సు, నంబర్లు, సున్నం, అరటిపళ్ళు, టిఫిను అన్నీ దానిలోనే. ఖర్చు కాగితం ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీద అతికిస్తాం.

గమ్యం దగ్గర పని గురించి ఒక మాట. చిప్పులు పెట్టే ఖర్చు మాకు లేదు. రెండు తాళ్ళు కట్టి సన్నని సందు చేస్తాం, వచ్చినవాళ్ళు వచ్చిన వరసలోనే అందులోంచి నడవాలి. ఒకడు స్టాప్ వాచీ చూసి టైము పైకి చదువుతాడు, ఒకడు రాస్తాడు. సందు చివర మూడోవాడు నంబర్లు వరసగా రాస్తాడు. తర్వాత రెండు కాగితాలూ పక్కన పెట్టి కలుపుతాం. ఒక్కడు తాడు కింద నుంచి దూరి నీళ్ళకి పోయాడా, వాడి వెనకాల అందరి టైములూ ఒక గడి జరిగిపోతాయి. అందుకని ప్రతి పదో మనిషికీ టైము, నంబరు రెండూ కలిపి రాసే నాలుగోవాడు ఉంటాడు. అక్కడ మా రిటైర్డ్ హెడ్ క్లర్క్ హవల్దార్ గారు కూర్చుంటారు. ఆయన కళ్ళజోడు కిందనుంచి చూస్తే ఎవడూ తాడు దూరడు.

ఇప్పుడు అసలు విషయం. నా దృష్టిలో పరుగు నడపడం అంటే ఒకటే పని: పంపినవాళ్ళు అందరూ తిరిగి వచ్చారా లేదా తెలుసుకోవడం. మిగతావి తర్వాత. మన దగ్గర సాయంత్రం గిన్తీ ఉండేది గుర్తుందా? వానైనా, మంచైనా, నవ్వొచ్చినా, ఏడుపొచ్చినా ఫాలిన్ అయి లెక్క చెప్పాలి. కొండల్లో ఉన్నప్పుడు ఒక పేరు పిలిచి జవాబు రాకపోతే ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్న చాలామందికి నేను చెప్పనక్కర్లేదు. ఫైరింగ్ రేంజిలో ఖాళీ ఖోకాలు కూడా ఏరి లెక్క అప్పజెప్పేవాళ్ళం. ఇత్తడి తొడుక్కి ఉన్న లెక్క మనిషికి ఉండొద్దా?

మా పద్ధతి ఇది. నంబరు గుడ్డ అడుగున అదే నంబరుతో చింపే చీటీ ఉంటుంది. నంబరు తీసుకున్న వాళ్ళందరూ పరిగెత్తరు, కొందరు లేవనే లేవరు. అందుకని నంబర్లు ఎన్ని ఇచ్చాం అన్నది లెక్క కాదు. బయల్దేరే గీత దగ్గర డబ్బాలో చీటీ చింపి వేసినవాడే బయల్దేరినట్టు. చివర్లో చీటీలు ఎన్నో, గమ్యం కాగితంలో నంబర్లు అన్ని ఉండాలి. ప్రతి పరుగు వెనకాలా ఒక మనిషి ఉంటాడు. కాన్వాయ్‌లో ఆఖరి బండిని అన్నట్టు మేం అతన్ని టెయిల్ అంటాం. ఆయన ఎవర్నీ దాటి ముందుకి పోకూడదు.

2019లో మూడోసారి పరుగు. చీటీలు 187. ఎనిమిదీ నలభైకి హవల్దార్ గారు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "సాబ్, 186" అన్నారు. ఇద్దరు టెయిళ్ళూ వచ్చేశారు. ఇద్దరూ "నా వెనకాల ఎవరూ లేరు" అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. చీటీలు సర్ది చూస్తే 118 లేదు. పుస్తకంలో చూశాం. వయసు 71. అయిదు కిలోమీటర్ల నడక. శ్రీకాకుళం జిల్లా నుంచి కొడుకు ఇంటికి వచ్చిన పెద్దాయన. కొడుకు సర్వీసులో ఉన్నాడు, ఆ రోజుల్లో పోస్టింగు బోర్డర్ మీద. ఇంట్లో కోడలు, ఇద్దరు చిన్నపిల్లలు. పుస్తకంలో ఉన్న ఫోను కోడలిది. చేస్తే, "మావయ్య ఇంకా రాలేదండీ, మీ దగ్గరే టిఫిన్ చేస్తున్నారనుకున్నాను" అంది. ఆయన దగ్గర ఫోను లేదు. హిందీ రాదు, మరాఠీ రాదు.

వేదిక మీద ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నారు. తొమ్మిదింటికి బహుమతులు. కమిటీలో ఒక పెద్దమనిషి, "ముసలాయన ఏ ఆటో ఎక్కో ఇంటికి పోయి ఉంటాడు, సాబ్. అతిథి గారు పదింటికి ఇంకో చోటికి వెళ్ళాలి. బహుమతులు ఇచ్చేద్దాం, ఈలోగా ఇద్దరు కుర్రాళ్ళు వెతుకుతారు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. సభ నడపడం ఆయన బాధ్యత. కానీ నేను మైకు తీసుకుని, "గిన్తీలో ఒకరు తక్కువ ఉన్నారు. వాళ్ళు వచ్చేదాకా పరుగు అయిపోనట్టే. కప్పులు ఇవ్వం" అని హిందీలో చెప్పాను. ముఖ్య అతిథి గారి మొహం కొంచెం మారింది. తర్వాత ఆయనే పక్కవాళ్ళని అడిగి విషయం తెలుసుకుని, కోటు విప్పి కుర్చీకి తగిలించి కూర్చున్నారు.

రోడ్డు మీద ఇద్దరు స్కూటర్ మీద వెళ్ళారు. మట్టి బాటకి రెండు జట్లు, ఒకటి మామూలు వరసలో, ఒకటి ఎదురు దిక్కు నుంచి. "అయిదు కిలోమీటర్లాయన మట్టి బాటలోకి ఎందుకు పోతాడు" అని ఒక కుర్రాడు అడిగాడు. వెతికేటప్పుడు "ఎందుకు పోతాడు" అని అడగకూడదు, "పోగలడా" అని అడగాలి. పోగలడు.

తొమ్మిదీ ఇరవైకి ఫోను వచ్చింది. మట్టి బాటలో రెండు కిలోమీటర్ల దగ్గర, తుమ్మచెట్టు కింద, ఒక ధన్‌గర్ గొర్రెల కాపరి పక్కన కూర్చుని ఉన్నాడు. మొరం మీద చెప్పు జారి చీలమండ వాచింది. కాపరి తన సీసాలో నీళ్ళు ఇచ్చి, తలపాగా చింపి కాలికి కట్టు కట్టాడు. ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరూ బీడీ కాల్చుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారట. మా వాళ్ళు మోసుకొచ్చాక నేను, "తాతగారూ, ఎలా తప్పిపోయారు?" అని అడిగాను. ఆయనకి కోపం వచ్చింది. "నాను తప్పిపోనేదు బాబూ. మీ సున్నంగీత ఎటెల్తే అటే ఎల్లినాను" అన్నాడు.

జరిగింది ఇది. అయిదు కిలోమీటర్ల టెయిల్‌గా ఉన్న అక్కయ్య వెనకాల ఒక అమ్మాయికి కడుపులో నొప్పి వస్తే ఆ అమ్మాయితో పాటు ఆగి మెల్లగా నడిచింది. అది సరైన పనే. పెద్దాయన వాళ్ళ కంటే ముందున్నాడు. మలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడు, పది కిలోమీటర్ల టెయిల్ మట్టి బాటలోకి పోవడం చూసి, ఇక ఎవరూ రారనుకుని టీకి వెళ్ళాడు. పెద్దాయన వచ్చేసరికి మలుపు దగ్గర మనిషి లేడు. నేల మీద ఎడమకి పెద్ద తెల్ల బాణం ఉంది. వెనక్కి తిరగమన్న బోర్డు మరాఠీలో, ఇంగ్లీషులో ఉంది. ఆయనకి కనిపించింది బాణం. అటు వెళ్ళాడు. ఆయన ముందు పది కిలోమీటర్ల టెయిల్, వెనక అయిదు కిలోమీటర్ల టెయిల్, రెండింటి మధ్య ఖాళీలో ఒక మనిషి. ఏ టెయిలూ చూడలేదు, ఏ మలుపూ చూడలేదు. డబ్బాలో చీటీ ఒక్కటే చూసింది.

ఆ మర్నాడే కూర్చుని మార్చుకున్నాం. ఇప్పుడు మలుపు దగ్గర నిలబడేవాడు సంత్రీ. రిలీవ్ చేసేదాకా సంత్రీ జాగా వదలడు కదా, అదే నియమం. రెండు టెయిళ్ళూ వచ్చి చీటీ మీద సంతకం చేశాకే అతను కదలాలి. పది కిలోమీటర్ల టెయిల్ బాటలోకి వెళ్ళాక సంత్రీ ఆ బాటకి అడ్డంగా సున్నం గీత గీసి తాడు కడతాడు. బాణం ఇటు పొమ్మని చెప్తుంది, అటు పోవద్దని చెప్పడానికి అడ్డగీత కావాలి. చదువు రాని వాడికీ అర్థమవుతుంది. బయల్దేరే ముందు హిందీ, మరాఠీ, తెలుగు మూడింటిలోనూ దారి చెప్తాం. నంబరు గుడ్డ వెనకాల ఇంటి ఫోను, మందులు ఏవైనా వాడుతుంటే ఆ పేర్లు రాయించుకుంటాం. రాయకపోతే పిన్నులు ఇవ్వం.

ఇది చిన్న పరుగు కదా, ఇంత హంగామా ఎందుకు అంటారు కొందరు. 2021 మే 22న చైనాలో గాన్సు రాష్ట్రంలో నూరు కిలోమీటర్ల కొండదారి పరుగు జరిగింది. 172 మంది బయల్దేరారు. మధ్యాహ్నానికి ఒక్కసారిగా చలిగాలి, వాన, వడగళ్ళు. పల్చటి బట్టల్లో ఉన్నవాళ్ళు కొండ మీద చిక్కుకుపోయారు. 21 మంది చనిపోయారు. అందులో ఆ దేశపు పేరున్న పరుగువీరులు ఉన్నారు. కాళ్ళలో బలం లేక కాదు. అక్కడ కూడా ఆరుగురిని కాపాడింది జు కెమింగ్ అనే గొర్రెల కాపరి, గుహలోకి తీసుకెళ్ళి మంట వేసి. ఆ వార్త చదివిన రోజు నాకు మా తుమ్మచెట్టు గుర్తొచ్చింది. ఆ మర్నాటి జనవరి నుంచే ఆ కాపరిని పిలుద్దామనుకున్నాం గానీ, కరోనా వల్ల 2021లోనూ 2022లోనూ పరుగు పెట్టలేదు. 2023లో మళ్ళీ మొదలైనప్పుడు ఆయన వచ్చాడు. గుట్ట మీద నీళ్ళ డ్రమ్ము దగ్గర ఆయనే ఉంటాడు. ఏ బాట ఎటు పోతుందో మా మ్యాపు కంటే ఆయనకే బాగా తెలుసు.

వేగంగా పరిగెత్తేవాళ్ళంటే నాకు గౌరవం లేదనుకోవద్దు. మన ఆర్మీ వాడే శివనాథ్ సింగ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో పదకొండో స్థానంలో వచ్చాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో ముగించాడు. నలభై ఏళ్ళు దాటినా దేశంలో ఎవరూ ఆ టైముని దాటలేకపోయారు. మన గోపి 2016 రియోలో ఇరవై అయిదో స్థానం, 2017లో ఆసియా మారథాన్ చాంపియన్. మా కాలనీ కుర్రాళ్ళకి ఈ పేర్లు చెప్తూనే ఉంటాను. భర్తీకి తయారయ్యే పిల్లలు మా గుట్ట మీదే చీకట్లో పరిగెత్తుతారు. మా పది కిలోమీటర్లలో మొదటి మూడు స్థానాలూ వాళ్ళవే. వాళ్ళకి కప్పులు ఇస్తాం, చప్పట్లు కొడతాం. కానీ ఆ కప్పు చేతికిచ్చే ముందు మైకులో ఒక మాట చెప్పాలి, "చీటీలు ఇన్ని, నంబర్లు అన్ని, గిన్తీ పూరా". ఇప్పుడు పిల్లలే ఆ మాట కోసం ఎదురు చూస్తున్నారు. హవల్దార్ గారు కాగితం పట్టుకుని లేవగానే గ్రౌండు నిశ్శబ్దం అయిపోతుంది.

పెద్దాయన కాలు మూడు వారాల్లో బాగయింది. 2020లో మళ్ళీ వచ్చాడు, ఈసారి కొడుకు సెలవులో ఉండి వెంట నడిచాడు. నంబరు ఇచ్చేటప్పుడు 118 కావాలని పట్టుబట్టాడు. అది అప్పటికే ఎవరికో ఇచ్చేశాం, వాళ్ళని బతిమాలి మార్పించాం. కరోనాలో ఆయన ఊళ్ళోనే పోయారు. 118 ఇప్పుడు ఆయన మనవడిది.

మీ కాలనీలో పెట్టుకోవాలనుకునే వాళ్ళు నాతో మాట్లాడండి. సైకిలు, కౌంటరు, టేపు అన్నీ ఇస్తాను, మొదటిసారి కొలవడానికి నేనే వస్తాను. తెల్లవారుజామున నాలుగింటికి లేవగలిగినవాళ్ళు ఇద్దరు చాలు. మాకు వచ్చే జనవరికి సంత్రీలు పదిహేను మంది కావాలి, అందులో నలుగురు గుట్ట మీద. ముఖ్యంగా టెయిల్‌కి ఓపిక ఉన్న ఇద్దరు కావాలి, వేగం అక్కర్లేదు. పేర్లు అక్కడ గుమ్మం దగ్గర కూర్చున్న హవల్దార్ గారికి రాయించండి. భోజనాలు చల్లారిపోతున్నాయని లంగర్ వైపు నుంచి సైగలు చేస్తున్నారు.

జై హింద్.